మార్కుల్లో అన్యాయం జరిగిందనిపిస్తే: నల్లగొండ, పాలమూరు డిగ్రీ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడిన తరువాత, పరీక్షల పని మీద ఉస్మానియా దాకా వెళ్లవలసిన అవసరం ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థులకు చాలావరకు తప్పింది. దూరం తగ్గింది గానీ తికమక తగ్గలేదు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో గద్వాల నుంచో ఒక రోజు కూలి పోగొట్టుకున్న తండ్రిని వెంటబెట్టుకుని వచ్చి, ఏ గదికి వెళ్లాలో, ఏ కాగితం ఇవ్వాలో తెలియక సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయే విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు. వారిలో కొందరికి నిజంగానే అన్యాయం జరిగి ఉంటుంది. అయితే అది ఏ రకమైన అన్యాయమో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల వారు కట్టిన ఫీజు, తిరిగిన తిరుగుడు రెండూ వృథా అవుతాయి. అందుకే ఈ మార్గదర్శి పొడవునా నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే: మీ జవాబు పత్రాన్ని మీ కళ్లతో చూసే ప్రయత్నం అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. ఫలానా పేజీలో ఫలానా ప్రశ్నకు ఇలా జరిగిందని చూపగలిగిన ఫిర్యాదును పక్కన పెట్టడం ఏ కార్యాలయానికైనా కష్టం.

మొదటి మెట్టు: ఫలితం వచ్చిన రోజునే చేయవలసినవి

ఫలితాల పేజీని తేదీ కనబడేలా ఫోనులో భద్రపరచుకొని, వీలైతే ఒక ప్రింటు తీయించండి. హాల్ టికెట్, ప్రశ్నపత్రం, ఇంటర్నల్ మార్కులు చూపిన కాగితం ఏదైనా ఉంటే అది, అన్నిటినీ ఒకే ఫైలులో పెట్టండి. ప్రశ్నపత్రాన్ని పరీక్ష హాలు నుంచి బయటికి రాగానే పారేసే అలవాటు చాలామందికి ఉంది. ఏ ప్రశ్నలు రాశారో దాని మీద టిక్కు పెట్టి దాచుకున్న విద్యార్థి తరువాత ఎంతో శ్రమ తప్పించుకుంటాడు.

మార్కులు కాకుండా గ్రేడ్లు మాత్రమే కనబడితే లెక్క మీరే వేసి చూడండి. ప్రతి పేపరు గ్రేడ్ పాయింటును దాని క్రెడిట్లతో, అంటే ఆ పేపరుకు ఇచ్చిన బరువుతో, గుణించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టర్ సగటు వస్తుంది. ఉదాహరణకు 5, 5, 5, 4, 2 క్రెడిట్ల పేపర్లలో వరుసగా 8, 7, 6, 7, 9 పాయింట్లు వస్తే మొత్తం 151 అవుతుంది. దానిని 21తో భాగిస్తే 7.19 వస్తుంది. మెమోలో ఇంతకంటే తక్కువ కనబడితే అది దిద్దుబాటు లోపం కాదు, నమోదులో జరిగిన పొరపాటు. దానికి రీవాల్యుయేషన్ ఫీజు కట్టవలసిన పని లేదు. కాలేజీ కార్యాలయం ద్వారా పరీక్షల విభాగానికి ఒక దరఖాస్తు ఇస్తే చాలు. రాసిన పేపరుకు గైర్హాజరు పడినప్పుడు కూడా దారి ఇదే. ఆ రోజు మీరు సంతకం చేసిన హాజరు పట్టిక పరీక్షా కేంద్రంలో ఉంటుంది కాబట్టి, కేంద్రం పేరు, తేదీ, హాల్ టికెట్ నంబరు తప్పక రాయండి.

ఇటువంటి పొరపాట్లు అరుదేమీ కావు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. తప్పినవారందరి జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలించాలని ప్రభుత్వమే ఆదేశించవలసి వచ్చింది. ఆ ఫలితాల తరువాత ప్రాణాలు తీసుకున్న పిల్లల సంగతి ఈ రాష్ట్రం మరచిపోరాదు. ఫలితం చూసి మనసు చెదిరినప్పుడు దరఖాస్తుల సంగతి పక్కన పెట్టి, ముందు ఒక మనిషితో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మార్కుల పొరపాటును నెలల తరువాత కూడా సరిదిద్దవచ్చు.

రెండో మెట్టు: ఇది ఏ రకమైన ఫిర్యాదో తేల్చుకోవడం

డిగ్రీ మార్కుల ఫిర్యాదులు చాలావరకు మూడు చోట్ల పుడతాయి. దిద్దిన మార్కులను కూడడంలో, మొదటి పేజీకి ఎక్కించడంలో తప్పు జరిగితే అది రీకౌంటింగ్ విషయం. కూడిక సరిగానే ఉండి, జవాబుకు తగిన మార్కు పడలేదనుకుంటే అది రీవాల్యుయేషన్ విషయం. మీ కాలేజీలోనే వేసే ఇంటర్నల్ మార్కుల్లో తేడా ఉంటే ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు, దాని దారి వేరు.

ఏ గాటన కట్టాలో తేల్చుకోవడానికి స్నేహితుడి మార్కులు కొలబద్ద కావు. ‘నా నోట్సు చూసి చదివినవాడికి నాకంటే ఎక్కువ వచ్చాయి’ అనే బాధ నిజమైనదే అయినా, దానిని ఏ కమిటీ లెక్కలోకి తీసుకోదు. ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, రాసిన జవాబుల్లోని ముఖ్యాంశాలను గుర్తున్నంత మేరకు ఒక కాగితం మీద పెట్టి, మీకు పాఠం చెప్పని మరో అధ్యాపకుడికి చూపించి, ఎన్ని మార్కులు రావచ్చునో అడగండి. ఆయన అంచనాకూ వచ్చిన మార్కుకూ రెండు మూడు మార్కుల తేడా ఉంటే సాధారణంగా వదిలేయడమే మేలు, ఎందుకంటే ఇద్దరు నిజాయితీపరులు ఒకే జవాబును దిద్దినా అంత తేడా వస్తుంది. ఆ రెండు మార్కులతోనే తప్పిపోయి ఉంటే మాత్రం ప్రయత్నించండి.

మూడో మెట్టు: ఇంటర్నల్ మార్కులు

ఇంటర్నల్ మార్కుల విషయంలో విద్యార్థులను వెనక్కి లాగేది భయం. ఎదురు అడిగితే సార్ పగబడతారని, ప్రాక్టికల్స్‌లో చూసుకుంటారని సీనియర్లు చెబుతారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే అడిగే పద్ధతిలోనే సగం పని ఉంది. ‘నాకెందుకు తక్కువ వేశారు?’ అన్నప్పుడు ఎదుటి మనిషి తనను తాను సమర్థించుకునే పనిలో పడతారు. ‘సార్, నా పేపరు ఒకసారి చూసుకోవచ్చా? ఎక్కడ పోయాయో తెలిస్తే సెమిస్టర్ పరీక్షకు సరిచేసుకుంటాను’ అని అడిగితే ఎక్కువమంది అధ్యాపకులు కట్ట విప్పి చూపిస్తారు. ఒంటరిగా వెళ్లడానికి జంకితే, అదే సందేహం ఉన్న మరొకరితో కలిసి వెళ్లండి. పదిమందితో గుంపుగా మాత్రం వద్దు.

పేపరు చూశాక మార్కుల్లో పొరపాటు కనబడితే ఆ రోజే అడగండి. ఇంటర్నల్ మార్కులను కాలేజీ విశ్వవిద్యాలయానికి పంపే ముందు సరిదిద్దడం ఒక సంతకంతో పోయే పని. పంపిన తరువాత ప్రిన్సిపాల్ లేఖ, అసలు పరీక్ష పేపరు, అసైన్‌మెంట్ రికార్డు అన్నీ జతచేసి పరీక్షల విభాగాన్ని ఒప్పించవలసి వస్తుంది. కాబట్టి సెమిస్టర్ పరీక్షలకు ముందే, మార్కులు ఎప్పుడు పంపుతారో కార్యాలయంలో కనుక్కుని, అంతకు ముందే నోటీసు బోర్డులో పెట్టమని తరగతి తరఫున ప్రిన్సిపాల్‌ను కోరండి. ఈ ఒక్క కోరిక నెరవేరితే తరువాతి తగాదాలు చాలావరకు పుట్టవు.

నోటి మాటతో పని జరగకపోతే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అందులో ఆరోపణలు తగ్గించి వివరాలు పెంచండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. నేను బి.కాం. రెండవ సంవత్సరం, మూడవ సెమిస్టర్ విద్యార్థిని. నా హాల్ టికెట్ నంబరు ఇది. ఫలానా సబ్జెక్టు మొదటి ఇంటర్నల్ పరీక్షకు నేను ఫలానా తేదీన హాజరయ్యాను. అసైన్‌మెంటును ఫలానా తేదీన సమర్పించాను. ప్రకటించిన మార్కుల్లో అసైన్‌మెంటు మార్కులు కలిసినట్లు కనబడలేదు. నా పరీక్ష పేపరును, అసైన్‌మెంటు నమోదు పుస్తకాన్ని పరిశీలించి, పొరపాటు ఉన్నట్లయితే సవరించవలసిందిగా కోరుతున్నాను.’

రెండు ప్రతులు తీసి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్లే.

మార్కులను ఎర చూపి గానీ, బెదిరింపుగా వాడి గానీ ఎవరైనా లైంగికంగా వేధిస్తే అది మార్కుల ఫిర్యాదు కాదు. ప్రతి కాలేజీలో ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. షీ టీమ్‌ను కూడా ఆశ్రయించవచ్చు. కులం పేరుతో వివక్ష జరిగితే ఎస్సీ, ఎస్టీ సెల్‌కు ఫిర్యాదు ఇవ్వండి.

నాలుగో మెట్టు: రీకౌంటింగ్, రీవాల్యుయేషన్

ఫలితాలతో పాటుగానో, కొద్ది రోజుల్లోనో విశ్వవిద్యాలయం ఒక ప్రకటన ఇస్తుంది. ఫీజు, చివరి తేదీ, అపరాధ రుసుముతో గడువు అన్నీ అందులోనే ఉంటాయి, ప్రతిసారీ మారుతుంటాయి. కిందటేడు సీనియర్ కట్టిన ఫీజును నమ్ముకోకుండా ఆ ప్రకటనను పూర్తిగా చదవండి. ముఖ్యంగా మూడు విషయాలు వెతకండి. రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గితే పాతవే ఉంచుతారా, తగ్గినవే ఖరారు చేస్తారా? రెండు దిద్దుబాట్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే మూడోవారితో దిద్దిస్తారా? జవాబు పత్రం నకలు ఇచ్చే ఏర్పాటు ఉందా?

నకలు ఇచ్చే ఏర్పాటు ఉంటే, డబ్బు ఎంత ఇబ్బందిగా ఉన్నా ముందు దానికే దరఖాస్తు చేయండి. మూడు పేపర్లకు రీవాల్యుయేషన్ కట్టే డబ్బుతో రూములో ఉండే విద్యార్థికి చాలా రోజుల బియ్యం, కూరగాయలు వస్తాయి. ఏ పేపరుకు నిజంగా అవకాశం ఉందో తెలియకుండా అన్నిటికీ కట్టడం ఆ కుటుంబానికి భారమే.

నకలు ఇచ్చే ఏర్పాటు లేకపోతే, మీకు అత్యంత నమ్మకమున్న పేపరుకు గడువులోపు రీవాల్యుయేషన్ కట్టేసి, అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా పంపండి. ఆ చట్టం కింద జవాబు రావడానికి 30 రోజులు పట్టవచ్చు, అప్పటికి రీవాల్యుయేషన్ గడువు దాటిపోయే అవకాశం ఎక్కువ.

ఇక్కడే మరో హెచ్చరిక. రీవాల్యుయేషన్ ఫలితం వస్తుంది కదా అని బ్యాక్‌లాగ్ పరీక్ష ఫీజు కట్టకుండా ఊరుకోకండి. రెండు గడువులూ వేర్వేరుగా నడుస్తాయి. రీవాల్యుయేషన్‌లో గట్టెక్కితే పరీక్ష ఫీజు పోతుంది, అంతే. కట్టకపోయి ఫలితం మారకపోతే ఆ పేపరు మళ్లీ వచ్చేదాకా ఆగవలసి వస్తుంది, చివరి సంవత్సరం వారికి పీజీ సీటు కూడా చేజారవచ్చు.

ఐదో మెట్టు: సమాచార హక్కు చట్టంతో జవాబు పత్రం తెప్పించుకోవడం

దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు, దాని నకలు పొందే హక్కు పరీక్ష రాసినవారికి ఉన్నాయని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తేల్చి చెప్పింది. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ హక్కును వాడుకోవచ్చు. దిద్దినవారి పేరు, సంతకం మాత్రం ఇవ్వరు. వారి భద్రత దృష్ట్యా వాటిని తొలగించి ఇవ్వాలని అదే తీర్పు చెప్పింది, అది న్యాయమే. నకలు కోసం సంస్థ సొంతంగా పెట్టుకున్న ఎక్కువ రుసుమును సమాచార హక్కు దరఖాస్తుదారుల దగ్గర వసూలు చేయరాదని 2019లో కంపెనీ సెక్రటరీల సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పులను దరఖాస్తులో ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే మంచిది.

దరఖాస్తును తెలుగులోనే రాయవచ్చు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనవసరం లేదు. విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారి పేరిట, 10 రూపాయల రుసుముతో ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబాల వారు ఆధార పత్రం జతచేస్తే రుసుము ఉండదు. అడగవలసినది ఇంత సూటిగా ఉండాలి:

‘ఫలానా నెలలో జరిగిన డిగ్రీ మూడవ సెమిస్టర్ పరీక్షల్లో, ఫలానా హాల్ టికెట్ నంబరుతో నేను రాసిన ఫలానా పేపరు యొక్క దిద్దిన జవాబు పత్రం అన్ని పేజీల ధ్రువీకృత నకలును, ఆ పేపరుకు మార్కుల కేటాయింపు పద్ధతి ఉన్నట్లయితే దాని నకలును ఇప్పించగలరు.’

‘నాకు మార్కులు ఎందుకు తగ్గాయి?’ అని మాత్రం అడగకండి. రికార్డుల్లో ఉన్న సమాచారం ఇవ్వడమే ఆ అధికారి విధి, కారణాలు కల్పించి చెప్పడం ఆయన పని కాదు. అలాంటి ప్రశ్న వేస్తే తిరస్కరించడానికి మీరే దారి చూపినట్లవుతుంది. దరఖాస్తును స్వయంగా ఇచ్చి ముద్ర వేయించుకోవచ్చు, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి. జవాబు పత్రాలను నిబంధనల ప్రకారం కొంతకాలమే భద్రపరుస్తారు, ఆ తరువాత అడిగినా ఉండవు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోతే, తరువాతి 30 రోజుల్లోపు అదే విశ్వవిద్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేయాలి. దానితోనూ పని కాకపోతే 90 రోజుల్లోపు హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయాలి. గడువు దాటించి ఇచ్చే సమాచారానికి పేజీల రుసుము వసూలు చేయరాదని చట్టంలోనే ఉంది. ప్రైవేటు కాలేజీకి ఈ చట్టం నేరుగా వర్తించకపోవచ్చు. ఆ ఇబ్బంది ఎదురైతే, మీ కాలేజీ పంపిన ఇంటర్నల్ మార్కుల జాబితాలో మీ వివరాలను విశ్వవిద్యాలయం నుంచే అడగండి.

ఆరో మెట్టు: జవాబు పత్రాన్ని చదవడం

నకలు చేతికి వచ్చాక ముందు పేజీలన్నీ లెక్కపెట్టండి. ప్రతి ప్రశ్న పక్కన మార్కు ఉందా, దిద్దినవారి గుర్తు లేకుండా ఏదైనా పేజీ మిగిలిపోయిందా చూడండి. పేజీలు తిప్పేటప్పుడు రెండు అతుక్కుపోయి మధ్య జవాబు దిద్దకుండా పోవడం, పుస్తకం చివర రాసిన జవాబును గమనించకపోవడం తరచుగా జరిగే పొరపాట్లు. ప్రశ్న నంబరును మీరే తప్పుగా వేసి ఉంటే అది కూడా ఇక్కడే బయటపడుతుంది. తరువాత లోపలి మార్కులను మొదటి పేజీ పట్టికతో ఒక్కొక్కటిగా పోల్చి, మొత్తాన్ని రెండుసార్లు కూడండి. ఎంచుకోవలసిన వాటి కంటే ఎక్కువ ప్రశ్నలు రాసి ఉంటే, మీ విశ్వవిద్యాలయ నిబంధన ప్రకారం ఏవి లెక్కలోకి వస్తాయో తెలుసుకున్న తరువాతే మొత్తం తేల్చండి.

కూడిక సరిగా ఉండి, జవాబు విలువ దగ్గరే తేడా ఉందనిపిస్తే ఆ జవాబును పాఠ్యపుస్తకంతో పక్కపక్కన పెట్టి చదవండి. మనం రాసినది బాగుందని మనకు అనిపించడం సహజం, అందుకే ఈ పని ఆ సబ్జెక్టు తెలిసిన అధ్యాపకుడితో చేయించుకోవడం మంచిది. తెలుగు మాధ్యమంలో రాసిన జవాబుకు ఇంగ్లీషు పారిభాషిక పదాలు లేవని మార్కులు తగ్గినట్లు కనబడితే, ఆ పేజీని ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. నా దృష్టిలో అది గట్టిగా అడగవలసిన అంశం.

ఏడో మెట్టు: కమిటీ, అంబుడ్స్‌పర్సన్

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. పారదర్శకత లేని, అన్యాయమైన మూల్యాంకన పద్ధతులు కూడా ఆ నిబంధనల్లో ఫిర్యాదులుగానే గుర్తింపు పొందాయి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తన నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి చెందకపోతే 15 రోజుల్లోపు విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేయవచ్చు.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రీవాల్యుయేషన్ చేయించండి, మళ్లీ కూడించండి అనే కోరికలను అంబుడ్స్‌పర్సన్ నేరుగా స్వీకరించరు. ఫలితాన్ని మార్చేంతటి నిర్దిష్టమైన అక్రమం గానీ, వివక్ష గానీ చూపగలిగితేనే వింటారు. ‘నాకు తక్కువ వేశారు’ అనే మాట అక్కడ నిలబడదు. ‘14వ పేజీలో ఎనిమిదో ప్రశ్న జవాబు దిద్దలేదు, అది కలిస్తే నేను ఉత్తీర్ణుడిని’ అనే మాట నిలబడుతుంది. జవాబు పత్రం కోసం ముందే పరుగెత్తమన్నది ఇందుకే.

కోర్టు చివరి దారి. నిబంధనల్లో లేకపోతే రీవాల్యుయేషన్‌ను హక్కుగా కోరలేమని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. దిద్దుబాటు నాణ్యతలో న్యాయమూర్తులు సాధారణంగా వేలు పెట్టరు. స్పష్టమైన అక్రమం ఉండి, పై దారులన్నీ మూసుకుపోతే, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

ఎనిమిదో మెట్టు: మార్కులు మారిన తరువాత

ఫలితం మారినట్లు వెబ్‌సైటులో కనబడగానే పని అయిపోయిందనుకోకండి. పాత మెమోను కాలేజీలో అప్పగించి, సవరించిన మెమో తీసుకుని, పేరు, హాల్ టికెట్ నంబరు, క్రెడిట్లు, సగటు అన్నీ సరిచూడండి. మొదటి మెట్టులో చెప్పిన లెక్కను కొత్త గ్రేడుతో మరోసారి వేయండి. విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ ఖాతా తెరిచి, డిజిలాకర్‌లో కొత్త వివరాలు ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే సవరించిన మెమో నకలుతో పరీక్షల విభాగానికి దరఖాస్తు ఇవ్వండి. చివరి సంవత్సరంలో అన్ని సెమిస్టర్ల మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి వచ్చినప్పుడు ఆ ఒక్క పేపరు వరుసను కౌంటర్ దగ్గరే చదివి, పాత గ్రేడు మళ్లీ రాలేదని నిర్ధారించుకున్న తరువాతే సంతకం చేయండి.